చూసిన గంటకు ఎంత పడింది?

వేములవాడలో ఆదివారం సాయంత్రం ఆరున్నరకు తీరిగ్గా కూర్చున్న మనిషి కనబడడం కష్టం. సోమవారం రాజన్న దర్శనం కోసం వచ్చేవాళ్లు ఆదివారం పొద్దుగూకక ముందే దిగుతుంటారు. తిప్పాపూర్ బస్టాండు నుంచి గుడి దాకా ఆటోలకు తీరిక ఉండదు. లాడ్జీల ముందు గదులు అడిగేవాళ్లు, కొబ్బరికాయల దుకాణాల ముందు బేరాలు, టిఫిన్ సెంటర్లలో ఆరని పొయ్యిలు. సరిగ్గా ఆ ఆరున్నరకే యూరప్‌లో మధ్యాహ్నం మూడు దాటుతుంది. మోంజాలోనో స్పాలోనో అయిదు ఎర్రదీపాలు ఒకదాని వెంట ఒకటి వెలిగి, ఒక్కసారిగా ఆరిపోతాయి. ఫార్ములా వన్ రేసు మొదలవుతుంది.

దుకాణం వదలలేక, రేసు వదులుకోలేక ఉండేవాళ్లు ఈ ఊళ్లో మీరనుకున్న దానికంటే ఎక్కువే ఉన్నారు. సెల్ ఫోన్ షాపుల్లో, లాడ్జి కౌంటర్ల వెనక, ఇంజనీరింగ్ చదివి సిరిసిల్లలోనో కరీంనగర్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ రోజూ తిరిగే బస్సుల్లో వీళ్లు కనబడతారు. వీళ్లతో ఎప్పుడు మాట కలిపినా పది నిమిషాల్లో సంగతి పైసల మీదికి మళ్లుతుంది. ఆ గోడు దాదాపు ఎప్పుడూ ఇట్లాగే ఉంటుంది: "అన్నా, ఎనుకట డిష్ బిల్లులనే రేసు అచ్చేది. ఇప్పుడు కార్లది ఒక యాప్‌ల, బైకులది ఇంకో దిక్కు, నెట్‌ఫ్లిక్స్‌ల సిరీసు ఇంకో దిక్కు. అన్నీ గలిపితే ఫోను ఈఎంఐ అంత అయితాంది. చూసుడు బంజెయ్యాల్నా ఏంది?"

బంద్ చెయ్యనక్కర్లేదు. అయితే లెక్క వేసే పద్ధతి మార్చుకోవాలి. గత అధ్యాయాల్లో జీతం, చిట్టీలు, అప్పుల లెక్కలు చూశాం. ఇష్టాలకు మాత్రం మనం లెక్క రాయం. సిగ్గు కొంత, బద్ధకం కొంత. రాయకపోవడం వల్లే అవి మనకు తెలియకుండా పెరుగుతాయి.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 2022 దాకా ఫార్ములా వన్ మనకు స్టార్ స్పోర్ట్స్ సెలెక్ట్ ఛానెళ్లలో, హాట్‌స్టార్‌లో వచ్చింది. 2021 సెప్టెంబర్ నుంచి హాట్‌స్టార్ ప్లాన్లు ఏడాదికి 499, 899, 1,499 రూపాయలు. ఇంట్లో ఎవరో ఒకరు 899 కడితే అందులోనే అమ్మకు స్టార్ మా సీరియళ్లు, తమ్ముడికి క్రికెట్, అందరికీ సినిమాలు. ఎక్కడో ఓ మూల రేసు. రేసు కోసమని ఎవరూ విడిగా ఒక్క రూపాయి కట్టలేదు, కాబట్టి ఎవరూ అడగలేదు కూడా. ఆ సీజన్‌తో స్టార్ ఒప్పందం ముగిసింది. 2023లో ఫార్ములా వన్ తన సొంత యాప్, ఎఫ్‌వన్ టీవీ ప్రోను మన దేశానికి తెచ్చింది. ఏడాదికి 2,999 రూపాయలు, నెలకైతే 309. ఆ ఏడాది ఏ టీవీ ఛానెల్లోనూ ప్రత్యక్ష ప్రసారం లేదు. 2024లో హక్కులు ఫ్యాన్‌కోడ్‌కు వెళ్లాయి. వాళ్లు ఒక్కో రేసు వారాంతానికి 49 రూపాయల పాసు పెట్టారు.

అంటే ధర ఒక్కసారి కొండెక్కింది, మళ్లీ దిగింది. అందుకే "రేట్లు పెరుగుతూనే ఉన్నాయి" అనే మాట సగమే నిజం. రెండో సగం గురించి ఎవరూ మాట్లాడరు. ఇంటి ఖర్చులో కలిసిపోయి ఉన్న రేసు, ఒక మనిషి సొంత ఖర్చుగా విడిపోయింది. 899 ఇంటిల్లిపాదిదీ. 2,999 నీ ఒక్కడిది. ఇంట్లో ఎవరికీ అర్థం కాని ఆట కోసం నువ్వొక్కడివే జేబులోంచి తియ్యాలి, అడిగితే జవాబు చెప్పాలి. డబ్బు కంటే ముందు నొప్పి పుట్టేది ఇక్కడే.

పైగా కనబడకుండా పెరిగేది వేరే ఉంది. 2024 జులైలో ప్రైవేటు మొబైల్ కంపెనీలన్నీ రీచార్జి ధరలు పెంచాయి. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో 84 రోజుల ప్లాను 666 నుంచి 799 అయింది. ఏడాది మొత్తానికి లెక్కేస్తే సుమారు 580 రూపాయలు ఎక్కువ. రేసు యాప్ ఒక్క రూపాయి పెంచకపోయినా మీ రేసు ఖరీదు పెరిగినట్టే. హెచ్‌డీలో చూస్తే గంటకు రెండు మూడు జీబీ దాకా పోతుంది, కాబట్టి రోజు కోటా చివరి ల్యాపుల దాకా నిలవదు. సరిగ్గా పిట్ స్టాపుల వేళకు బొమ్మ ఆగిపోయి, డేటా ప్యాకు కోసం కంగారుగా వెతుక్కోవడం చాలామందికి అనుభవమే. ఫోనులో చూసేవాళ్లు నాణ్యతను 480కి దించుకుంటే ఖర్చయ్యే డేటా చాలా తగ్గుతుంది. ఆరంగుళాల తెరమీద కారును పోల్చుకోవడానికి అది చాలు. ఇంట్లో ఫైబర్ ఉన్నవాళ్లు ఈ పేరా వదిలేయొచ్చు.

ఇదంతా మనకే జరిగిందా? లండన్‌లో ఉన్న మన తెలుగువాళ్లను అడిగితే నవ్వుతారు. అక్కడ 2011 దాకా బీబీసీలో ప్రతి రేసూ ప్రత్యక్షంగా, విడిగా పైసా కట్టనక్కర లేకుండా వచ్చింది. 2012లో స్కై సగం పట్టుకుంది. 2019 నుంచి వాళ్ల సొంత బ్రిటిష్ గ్రాండ్ ప్రీ తప్ప ప్రత్యక్ష ప్రసారమంతా స్కైదే. జర్మనీలో ఆర్‌టీఎల్ 2020తో వదులుకుంది. అమెరికాలో 2025 దాకా ఈఎస్‌పీఎన్, 2026 నుంచి యాపిల్ టీవీ. మన జిల్లాలకు దగ్గరి సంగతి గల్ఫ్. వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల పల్లెల నుంచి బహ్రెయిన్‌కు, దుబాయికి, ఖతార్‌కు, సౌదీకి పోని ఇల్లు తక్కువ. బహ్రెయిన్‌లో 2004 నుంచి, అబుదాబిలో 2009 నుంచి, జెడ్డాలో, ఖతార్‌లో 2021 నుంచి ఈ రేసులు జరుగుతున్నాయి. అక్కడ క్యాంపు గదుల్లో ఎంబీసీ యాక్షన్ అనే ఉచిత ఛానెల్లో చూసి ఈ ఆటకు అలవాటుపడి వచ్చినవాళ్లు మన దగ్గర ఉన్నారు. 2024 నుంచి అక్కడా అది డబ్బు కట్టే బీఇన్ స్పోర్ట్స్‌కు మారింది.

ఇదెవరో మన మీద పగబట్టి చేసింది కాదు. 2017లో లిబర్టీ మీడియా అనే అమెరికా కంపెనీ ఫార్ములా వన్‌ను కొన్నది. 2019లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వచ్చి, ఆట తెలియనివాళ్లను కూడా అభిమానులను చేసింది. చూసేవాళ్లు పెరిగేకొద్దీ ప్రసార హక్కుల బేరమూ పెరుగుతుంది. 2025లో అదే లిబర్టీ మోటోజీపీని కూడా తీసుకుంది, కాబట్టి బైకుల అభిమానులూ రాబోయేదాన్ని ఊహించుకోవచ్చు. మన దేశం వరకైతే ఇంకో మాట చెప్పాలి. 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ల ఐపీఎల్ హక్కులు 48,390 కోట్లకు పోయాయి. క్రికెట్‌కు అంత పెట్టిన కంపెనీలు కొద్దిమంది చూసే ఆటలకు చెయ్యి బిగించవా అన్నది నా అనుమానం. రుజువు నా దగ్గర లేదు.

సర్కారు ఆదుకుంటుందనుకునే అవకాశమూ లేదు. 2007 నాటి చట్టం ప్రకారం దేశానికి ముఖ్యమైన పోటీల ప్రసారాన్ని ప్రైవేటు ఛానెళ్లు దూరదర్శన్‌తో పంచుకోవాలి. అందుకే డీడీ ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో కూడా ఇండియా ఆడే వన్డే వస్తుంది. ఆ జాబితాలో క్రికెట్, హాకీ, ఒలింపిక్స్ వంటివి ఉన్నాయి, మోటార్ రేసులు లేవు.

పోనీ, పోయి కళ్లతో చూద్దామంటే? గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్‌లో 2011, 2012, 2013ల్లో ఫార్ములా వన్ జరిగింది, మూడుసార్లూ వెటెలే గెలిచాడు, తర్వాత ఆగిపోయింది. అక్కడే 2023 సెప్టెంబర్‌లో మోటోజీపీ ఒక్కసారి జరిగింది. మనకు అన్నిటికంటే దగ్గరికి వచ్చింది 2023 ఫిబ్రవరి 11న. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ కార్లు తిరిగాయి, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. వేములవాడ నుంచి పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇల్లు చేరే దూరం. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో జరగాల్సింది జనవరిలోనే రద్దయింది. ప్రపంచస్థాయి రేసు చూడాలంటే మనకు ప్రస్తుతానికి మిగిలింది తెర ఒక్కటే. అందుకే ఆ తెరకు ఎంత పెట్టాలన్న ప్రశ్నకు విలువ.

ఇక లెక్క. "ఏడాదికి ఎంత" అని అడగడం మానేసి, "చూసిన గంటకు ఎంత పడింది" అని అడగండి. రేసు సుమారు రెండు గంటలు, క్వాలిఫయింగ్ ఒక గంట. 2023లో 22 రేసులు జరిగాయి. 2,999 కట్టిన మనిషి రెండూ వదలకుండా చూశాడనుకుంటే 66 గంటలు, గంటకు 45 రూపాయలు. అదే మనిషి ఉత్సాహంలో మార్చిలో కొని, ఆరు రేసులు చూసి మిగతావి ఇన్‌స్టాగ్రామ్ ముక్కల్లో తెలుసుకున్నాడనుకోండి. పన్నెండు గంటలు, గంటకు 250. యాప్ అదే, ధర అదే, పిరమైందా అగ్గువైందా అన్నది మాత్రం మనిషిని బట్టి మారిపోయింది. హాట్‌స్టార్ రోజుల్లో ఇంట్లో నలుగురు రోజూ చూసే 899ని ఈ పద్ధతిలో లెక్కిస్తే గంట ఖర్చు పైసల్లోకి దిగుతుంది. చవకగా కనబడిందే చవక కాదని, పిరంగా కనబడిందే పిరం కాదని ఇంతకంటే సులువుగా చెప్పే లెక్క నాకు తెలియదు.

మీరు నిజంగా ఎన్ని గంటలు చూస్తారో మీకు తెలియాలంటే కాగితం తీయాలి.

క్యాలెండర్ మీద రెండు రంగులు

గోడకున్న క్యాలెండర్ దించండి. ఫార్ములా వన్ సీజన్ మార్చి నుంచి డిసెంబర్ దాకా. 2025లో 24 రేసులు. ఒక రంగు పెన్నుతో రేసు తేదీలూ మన టైములూ రాయండి. ఇంకో రంగుతో మీ బతుకు రాయండి: దుకాణం గిరాకీ రోజులు, పరీక్షలు, నాట్లు, పెళ్లిళ్లు, బతుకమ్మ. రెండూ ఎక్కడ గుద్దుకుంటాయో చూడండి.

2025 టైములు పెట్టుకుని వేములవాడ దుకాణదారుడి క్యాలెండర్ వేసి చూద్దాం. మొనాకో, బార్సిలోనా, ఆస్ట్రియా, స్పా, హంగరీ, మోంజా, ఇట్లా యూరప్ రేసులన్నీ ఆదివారం సాయంత్రం ఆరున్నరకు, సిల్వర్‌స్టోన్ ఏడున్నరకు. సీజన్‌లో అసలైన భాగం ఇదే, మన గిరాకీ వేళ కూడా ఇదే. వీటిమీద ఆశ వదులుకోవచ్చు. కెనడా రాత్రి పదకొండున్నరకు, ఆస్టిన్ పన్నెండున్నరకు, మయామీ, మెక్సికో ఒంటిగంటన్నరకు. సోమవారం తెల్లవారుజామునే షట్టర్ ఎత్తాల్సిన మనిషి ఒంటిగంటన్నరకు రేసు చూడలేడు. పైగా మెక్సికో అక్టోబర్ చివర్లో వస్తుంది. కార్తీకంలో ఈ ఊరి సంగతి చెప్పనక్కర్లేదు. శ్రావణంలో మాత్రం ఒక చిన్న ఊరట ఉంది. ఆగస్టులో రేసులకు కూడా సెలవు, కాబట్టి ఆ రద్దీలో పెద్దగా పోగొట్టుకునేది ఉండదు. శివరాత్రి సాధారణంగా సీజన్ మొదలుకాక ముందే వెళ్లిపోతుంది. మేడారం జాతర ఏడాదిలో రాజన్నను దర్శించుకుని పోయే జనం కూడా అప్పటికే తగ్గుతారు.

ఇక మనకు వీలయ్యేవేమిటి? మెల్‌బోర్న్ పొద్దున తొమ్మిదిన్నరకు, సుజుకా పదిన్నరకు, షాంఘై మధ్యాహ్నం పన్నెండున్నరకు. లాస్ వెగాస్ వాళ్లకు శనివారం రాత్రి, మనకు ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. బహ్రెయిన్ రాత్రి ఎనిమిదిన్నరకు, ఖతార్ తొమ్మిదిన్నరకు, జెడ్డా, బ్రెజిల్ పదిన్నరకు. కౌంటర్ కట్టేసి అన్నం తినే వేళకు ఇవి సరిపోతాయి. మొత్తం ఎనిమిది. రోజంతా ఆటను తల్చుకుంటూ ఉండే మనిషి కూడా ఇరవై నాలుగులో ఎనిమిదే నేరుగా చూడగలడు. సిరిసిల్లలో ఆఫీసు ఉద్యోగం చేసే అతని మిత్రుడికి లెక్క తలకిందులవుతుంది. యూరప్ సాయంత్రాలన్నీ అతనివే, అర్ధరాత్రులు మాత్రం ఇద్దరివీ కావు.

ఈ కాగితం రాసినవాళ్లలో చాలామందికి ఇంకో సంగతి కనబడుతుంది. యూరప్ క్వాలిఫయింగ్ శనివారం రాత్రి ఏడున్నరకు. శనివారం వేములవాడకు కాస్త ఊపిరి తీసుకునే రోజు. ఒక్క గంట, ప్రతి డ్రైవరూ ప్రాణం పెట్టి తోలే ఒక్క ల్యాపు. నా మట్టుకు నాకు ఆదివారం రేసు కంటే ఇదే ఎక్కువ రుచి, ముఖ్యంగా మొనాకోలో. అక్కడ ఆదివారం ఓవర్‌టేకింగ్ చూడాలంటే అదృష్టం కావాలి. నేరుగా చూడలేని రేసును తర్వాత యాప్‌లో రీప్లేగా చూడొచ్చు. ఆలోగా వాట్సాప్ గ్రూపును మ్యూట్ చేసి, ఇన్‌స్టాగ్రామ్ జోలికి పోకుండా ఉండగలిగితే చాలు. ఉండలేనివాళ్లు రీప్లేలను తమ గంటల్లో కలుపుకోకూడదు. గెలిచిందెవరో తెలిశాక రెండు గంటలు కూర్చునేవాళ్లు తక్కువ.

కాగితం పూర్తయ్యాక భాగహారం ఒక్కటే మిగులుతుంది. సీజన్ పాసు ధరను ఒక్క రేసు పాసు ధరతో భాగించండి. సీజన్ పాసు 750, ఒక్కో రేసు 50 అనుకుంటే పదిహేను వస్తుంది. మీ కాగితం మీద టిక్కులు పదిహేను దాటితే సీజన్ పాసు, దాటకపోతే విడి పాసులు. ఎనిమిది టిక్కుల దుకాణదారుడికి 400తో పనైపోతుంది. రాజన్నకు కోడె మొక్కు చెల్లించేవాళ్లు వచ్చినప్పుడే టికెట్ తీసుకుంటారు. ఏడాదిలో ఎన్నిసార్లు వస్తామో ఏమోనని ముందే పదిహేను టికెట్లు కొని జేబులో పెట్టుకోరు. యాప్ మాత్రం మార్చి మొదటివారంలో సీజన్ పాసునే పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది, విడి పాసును ఎక్కడో కింద ఉంచుతుంది. వేలు అక్కడిదాకా జరపండి.

ఇంట్లో చెప్పడం

అడగడానికి మొహమాటపడి రహస్యంగా కట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఈ ప్రాంతంలో పెళ్లయిన కొడుకు కూడా జీతం తెచ్చి బాపు చేతికో, ఇంటి లెక్కలోకో ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అట్లాంటి ఇంట్లో 2,999 బ్యాంకు మెసేజి రూపంలో బయటపడితే గొడవ ఆట గురించి కాదు, దాచడం గురించి. చెప్పేటప్పుడు మనవాళ్లు చేసే పని ఆట గొప్పతనం వివరించబోవడం. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగం, టైర్ల వ్యూహం, సీజన్ పాయింట్లు. ఎదుటివాళ్లకు అవేవీ పట్టవు. భార్యతో మాట ఇట్లా సాగితే మంచిది:

"ఏడాదికి మూడు వేలా? గాడ కార్లు గుండ్రంగ తిరుగుడేనా?"

"అవునే, గుండ్రంగ తిరుగుడే. గని మూడు వేలు గాదు. ఎనిమిది రేసులు, నాలుగు వందలు. నెలకు నలభై లోపలనే పడ్తది."

"ఏయే రోజులు?"

"గీ కాయితం మీద రాసిన. గా రోజులల్ల గిరాకీ లేని యాళ్లనే చూస్త."

"మరి నాకు?"

ఆఖరి ప్రశ్నకు సిద్ధపడి వెళ్లండి. బీడీలు చుట్టి తెచ్చిన డబ్బును కూడా ఇంట్లోనే పెట్టే భార్య ఉన్న ఇంట్లో ఒకరికే ఆట పైసలు ఉండడం న్యాయం కాదు. ఇద్దరికీ సమానంగా ఒక చిన్న మొత్తం విడిగా తీసి, అది ఎవరు దేనికి పెట్టారని రెండోవాళ్లు అడగకూడదని ఒప్పందం చేసుకున్న ఇళ్లలో ఈ గొడవ తలెత్తదు. ఆ మొత్తం వందా, మూడు వందలా అన్నది ఆదాయాన్ని బట్టి. రేసు ఆ డబ్బులోనే సర్దుకోవాలి, మించితే ఆ నెల యూట్యూబ్ హైలైట్సే.

నలుగురు కలిసి ఒక ఇంట్లో చూడడం పాత పద్ధతే, ఇప్పటికీ అన్నిటికంటే చవక. ఈ రేసుకు నువ్వు పాసు కొను, వచ్చేదానికి నేను. అయితే లాడ్జి హాల్లోనో టీ స్టాల్లోనో పెద్ద తెర పెట్టి డబ్బు తీసుకుని చూపించాలని కొందరికి ఆలోచన వస్తుంటుంది. కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ ప్రకారం ప్రసార సంస్థ అనుమతి లేకుండా డబ్బు తీసుకుని జనానికి ప్రసారం చూపించడం తప్పు. ఇంటి పాసు ఇంటికే.

పైసా లేకుండా చూసేవి

ఫార్ములా వన్ యూట్యూబ్ ఛానెల్లో ప్రతి రేసు తర్వాత కొన్ని నిమిషాల హైలైట్స్ ఉచితంగా వస్తాయి. ఇవి అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది, మంచి మోటార్ రేసింగ్‌లో పెద్ద భాగం నేటికీ పూర్తిగా ఉచితమని. 24హెచ్ సిరీస్ రేసులు వాళ్ల యూట్యూబ్ ఛానెల్లోనే మొదటి నుంచి చివరి దాకా ప్రత్యక్షంగా వస్తాయి. సికింద్రాబాద్‌లో పుట్టిన నటుడు అజిత్ కుమార్ జట్టు 2025 జనవరిలో తన తరగతిలో మూడో స్థానం తెచ్చుకున్న దుబాయ్ 24 గంటల రేసు ఈ సిరీస్‌దే. జీటీ వరల్డ్ చాలెంజ్ పోటీలు, జర్మనీలో అడవి మధ్య జరిగే నూర్‌బర్గ్‌రింగ్ 24 గంటల రేసు కూడా యూట్యూబ్‌లో ఉచితమే. వీటిలో ఒక సుఖం ఉంది. ఇరవై నాలుగు గంటల రేసును ఎవరూ మొత్తం చూడరు. గిరాకీ లేనప్పుడు పది నిమిషాలు చూసి, కొబ్బరికాయ కొట్టిచ్చి, మళ్లీ వచ్చి చూసుకోవచ్చు. వేములవాడ దుకాణదారుడి ఆదివారానికి ఇంతకంటే సరిపోయే రేసు లేదు.

మన దేశపు ఇండియన్ రేసింగ్ లీగ్‌లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ అనే జట్టు ఉంది, 2024లో దాన్ని నటుడు నాగచైతన్య కొన్నాడు. మన రాజధాని పేరు పెట్టుకున్న జట్టును అనుసరించడం మొదలుపెడితే ఫార్ములా వన్ ఒక్కటే రేసు కాదన్న ధైర్యం వస్తుంది. ఫెరారీ గురించి రాత్రింబవళ్లు వాదించే పిల్లల్లో సగం మందికి ఈ జట్టు పేరు తెలియకపోవడం నాకు కొంచెం బాధ.

దొంగ లింకుల మాట కూడా ఎత్తాలి, ఎందుకంటే మీ గ్రూపులో ఈపాటికే ఎవరో ఒకటి పంపి ఉంటారు. 2025 నవంబర్‌లో ఐబొమ్మ నడిపిన వ్యక్తిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశాక సినిమాల దొంగ ప్రసారం గురించి అందరూ మాట్లాడుకున్నారు, ఆటల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ ధర్మం గురించి ఉపన్యాసం ఇవ్వను. లెక్క మాత్రం చెబుతాను. ఒక్క రేసు పాసు డబ్బులు మిగుల్చుకోవడానికి టెలిగ్రామ్‌లో వచ్చిన ఏపీకే ఫైలును అదే ఫోనులో, ఫోన్‌పే ఉన్న ఫోనులో ఎక్కించుకోవడం మంచి బేరం కాదు. అట్లాంటి ఫైళ్లలో కొన్ని మీ మెసేజీలు చదువుతాయి, ఓటీపీలు దాటిస్తాయి. ఇప్పటికే ఎక్కించుకుని ఖాతాలోంచి డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

చివరగా ఆటోపే. అధ్యాయం మొదట్లో విన్న ఆ గోడులో "అన్నీ గలిపితే" అన్న మాట వెనక అసలు దొంగ ఇదే. ఏడాది పాసు కొన్నప్పుడు తెలియకుండా ఒక మాండేట్ ఒప్పుకుంటాం, మరుసటి ఏడాది అదే తేదీన డబ్బు కట్ అవుతుంది. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం ఇట్లాంటి చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు మీకు మెసేజి రావాలి. వస్తుంది కూడా, మిగతా పదిహేను ప్రకటనల మధ్య. దానికోసం ఎదురుచూడకండి. ఫోన్‌పే, గూగుల్ పే రెండింటిలోనూ ఆటోపే అనే విభాగం ఉంటుంది, అది తెరిచి ఏమేం నడుస్తున్నాయో చూడండి. రద్దు చేసే దారిని కావాలనే దాచిపెట్టడాన్ని 2023 నవంబర్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు డార్క్ ప్యాటర్న్‌ల జాబితాలో చేర్చాయి. ఏ యాప్ అయినా అట్లా తిప్పలు పెడితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. సీజన్ చివరి రేసు అబుదాబిలో, డిసెంబర్ మొదట్లో. ఆ వారంలోనే మాండేట్ తీసేయండి. తర్వాత మార్చి దాకా రేసే లేదు, వచ్చే ఏడాది పాసు కొనాలా వద్దా అన్నది కొత్త క్యాలెండర్ మీద రెండు రంగులు పడ్డాక ఆలోచించుకోవచ్చు.